గుంజీలు తీయలేని మోకాళ్లు

మధుర మీనాక్షీదేవి సన్నిధినుండి సుందరేశ్వరుని సన్నిధికి పోవు త్రోవలో, ముక్కురుణి వినాయకుని యెదుట ఒక పావుగంట నిలిచి గుంజీలు తీయువారిని గమనించినచో, మన కాలపు దేహస్థితి యెట్లున్నదో ఒకరు చెప్పనక్కరలేకయే తెలిసిపోవును. పదేండ్ల పిల్లలు చేతులు మెలివేసి చెవులు పట్టుకొని, మడమలు నేల కంటియుండగనే పూర్తిగా గొంతుక్కూర్చుండి, బంతివలె ఎగిరి లేతురు. ముప్పదియేండ్లవారు సగముదాక వంగి, ప్రక్కవారివైపు ఒకసారి చూచి, తొందరగా ముగింతురు. ఏబది దాటినవారిలో పెక్కుమందికి ఆ మ్రొక్కు మోకాలిలో ఒక చిన్న వంపుగను చెవిని తాకిన వ్రేలుగను మాత్రమే మిగిలినది. విఘ్నేశ్వరుడు దయామయుడు గనుక ఆ పాటి దానిని సైతము స్వీకరించునేమో గాని, తొడ కండరములు స్వీకరింపవు.

నేను చెప్పదలచినది వ్యాయామమును గూర్చియే. కాని అద్దము ముందు నిలిచి భుజములను పెంచుకొను వ్యాయామమును గూర్చి కాదు. నేలపై కూర్చుండినవాడు ఎవరి చేయియు పట్టక లేచుట, నిండు బిందెను నడుము కలుక్కుమనకుండ ఎత్తుట, బియ్యపు మూటను మేడమీదికి చేర్చుట, తడిసిన స్నానపుగదిలో కాలు జారినపుడు పడిపోక నిలద్రొక్కుకొనుట, ఇట్టి నిత్యకృత్యములకు వలసిన బలమును ప్రతివాడును బుద్ధిపూర్వకముగ, క్రమముగ, బ్రతికినంతకాలము సాధింపవలయునని నా వాదము. దీనిని మధుర, కోయంబత్తూరు ప్రాంతముల తెలుగువారితోనే ముందుగ ఏల అనవలసివచ్చినదనగా, శ్రమను మనుష్యుని చేతులనుండి తప్పించి యంత్రమున కప్పగించుటలో వారు చూపిన ప్రతిభ సామాన్యమైనది కాదు. ఆ ప్రతిభకు మూల్యమును ఇప్పుడు వారి మోకాళ్లే చెల్లించుచున్నవి.

విశ్వనాథ నాయకుడు 1529లో మధుర నేలనారంభించినది మొదలు 1736లో ఆ రాజ్య మంతరించువరకును, ఆ కాలమునకు ముందువెనుకలను గూడ, కమ్మ, బలిజ, రెడ్డి, రాజకంబళ నాయక కుటుంబములు తండోపతండములుగ దక్షిణమునకు వచ్చి, ఇంట తెలుగును వీధిలో అరవమును పలుకుచు స్థిరపడెను. మధురకు దక్షిణమున కోవిల్పట్టి దాపున ఇడైశెవల్ గ్రామమున పుట్టి, ఇంట తెలుగు మాటాడుచు తమిళమున వ్రాసిన కి. రాజనారాయణన్ (1923–2021), ‘గోపల్ల గ్రామం’ అను నవలలో ఆ వలసకథనే చెప్పెను. అడవిని కాల్చి, ముండ్లపొదలను పెకలించి, నల్లరేగడిని సాగునకు తెచ్చిన ఆ పూర్వులకు వ్యాయామ మను మాటతో పని లేకుండెను. వారి దినచర్యయే వారి వ్యాయామశాల.

కోయంబత్తూరు ప్రాంతమున నీరు పాతాళమున నుండెడిది. అచ్చటి బావులకు కపిల కట్టి, జంటయెద్దులు వాలుబాటలో దిగుచుండగ తోలువాడు మోకుపై కూర్చుండి తన బరువును గూడ వాని బలమునకు కలిపి, తోలుబానను పైకి లాగించెడివాడు; యెద్దులు వెనుకకు నడచినపుడు తానును ఎక్కిరావలసినదే గనుక, ప్రొద్దున మొదలిడి ఎండ ముదురువరకును వాని కాళ్లకు ఎక్కుట దిగుట తప్ప వేఱు పని యుండెడిది కాదు. 1910లో కుప్పుస్వామి నాయుడు లక్ష్మీ మిల్లును నెలకొల్పెను, 1930ల తొలినాళ్లలో నీలగిరులనుండి పైకారా జలవిద్యుత్తు దిగివచ్చెను, 1937లో జి. డి. నాయుడును డి. బాలసుందరం నాయుడును కలసి దేశమున తొలి స్వదేశీ విద్యుత్ మోటారును తయారు చేసిరి. పీళమేడున పి. ఎస్. గోవిందస్వామి నాయుడు కుమారులు 1926లో స్థాపించిన ధర్మసంస్థ నీడలోని పారిశ్రామిక విద్యాలయమును, చుట్టుప్రక్కల వెలసిన కొలుములును పంపులను పోతపోసి దేశమంతటికి పంపినవి. కపిల మోకు మూలబడెను. ఇరువదియేండ్లలో ఒక జిల్లా రైతుల కాళ్లును భుజములును విశ్రమించినవి. 1970లో కరెంటు రేటు యూనిటునకు రెండు పైసలు పెంచినందుకు నారాయణస్వామి నాయుడు నాయకత్వమున రైతులు పోరాడిరనియు, 1972లో ఎడ్లబండ్లతో కోయంబత్తూరు వీధులను దిగ్బంధించిరనియు తలచుకొన్నపుడు, మోటారు హక్కు కొఱకు ఎద్దులే ఊరేగింపునకు రావలసివచ్చినది గదా యని నవ్వుకొందును. ఆ పోరాటము తప్పని నా భావము గాదు. మోటారు లేక ఆ సేద్యము లేదు.

పొలమున జరిగినదే వంటింటను జరిగెను. 1955 ప్రాంతమున సభాపతి యను కోయంబత్తూరు నివాసి పిండి రుబ్బు యంత్రమును నిర్మించెనని చెప్పుదురు. నేడు భౌగోళిక గుర్తింపును సైతము పొందిన కోయంబత్తూరు గ్రైండరు దాని సంతతియే. రుబ్బురోలున రోలు కదలదు, పొత్రము తిరుగును. ఈ యంత్రమున పొత్రము నిలుచును, రోలే తిరుగును. ఈ చిన్న తారుమారు వలన ఇడ్లీపిండి కొఱకు గంటల తరబడి కాళ్లు చాచి కూర్చుండి, ఒక చేత పొత్రమును త్రిప్పుచు రెండవచేత పిండిని లోనికి త్రోయుచు స్త్రీలు పడిన పాటు తీరెను. రోలును మరల తెచ్చుకొండని ఉపదేశించు పెద్దలను నేనెఱుగుదును. వారిలో పెక్కుమంది ఒక్కనాడైనను దానిలో పిండి రుబ్బినవారు కారు. తాము అనుభవింపని కష్టమును ఆరోగ్యరహస్యమని పొగడుట చాల తేలిక.

కావున పాతకాలపు చాకిరీయే మేలన్నవారితో నేను చేరను. చాకిరీ వేఱు, సాధన వేఱు. చాకిరిలో బరువును నిర్ణయించువాడు యజమాని. సాధనలో నిర్ణయించువాడు మోయువాడే. చాకిరీ అలసిన దేహమునకు మరునాడు మరల అంతే బరువు నెత్తును. సాధన అలసిన కండరమునకు ఒకటి రెండు దినములు విశ్రాంతి నిచ్చి, తిండి పెట్టి, అది కోలుకొని మునుపటికంటె కొంచెము బలిసిన పిమ్మటనే పిడికెడు బరువును అదనముగ చేర్చును. దేహము బలపడునది శ్రమ జరుగుచున్న వేళలో కాదు, శ్రమకు తర్వాతి విరామమున. ఈ విరామము దక్కనివారు మన నడుమనే యున్నారు. కోయంబత్తూరులోను మధురలోను వీధు లూడ్చి, కాలువలు తీసి, చెత్తబండ్లను త్రోయుచున్న అరుంధతీయ కుటుంబములలో అనేకము మనవలెనే ఇంట తెలుగు పలుకునవే. నాయుళ్ల, రెడ్ల పొలములలో తరతరములు బరువులు మోసినవియు నవే. వారిని వ్యాయామము చేయుడనుట పరిహాసమగును. వారికి వలసినది చేతికి పనిముట్టు, పూటకు పప్పు, వారమున కొక సెలవు. మనమేమో వ్యాయామము లేక వంగిపోవుచుండగ వారు విశ్రాంతి లేక వంగిపోవుచున్నారు. తెలుగు సంఘముల సభలలో మొదటి దానిని గూర్చియైనను అప్పుడప్పుడు వినబడును, రెండవదానిని గూర్చి నేను వినలేదు.

దేహములోపల జరుగుచున్న దేమో కొంచెము చూతము. ముప్పది దాటిన పిదప, వాడుకలేని కండరము దశాబ్దమునకు నూటికి మూడు మొదలు ఎనిమిది పాళ్ల వరకు తరిగిపోవుననియు, అఱువది దాటిన మీదట ఈ తఱుగుదల వేగమెక్కుననియు వైద్యుల అంచనా. ముందుగ క్షీణించునవి మెల్లగ పనిచేయు పోగులు కావు, చటుక్కున బిగియు పోగులు. గడప తగిలి తూలినపుడు రెప్పపాటున కాలిని ముందుకు వేసి దేహమును నిలుపునవి ఇవియే గనుక, నడువగలిగియు పడిపోవు వృద్ధులు ఇందఱున్నారు. ప్రతి ఉదయము మైదానము చుట్టు నాలుగు ప్రదక్షిణములు చేయు పెద్దమనిషి, ఆటోరిక్షానుండి దిగుచు మోకాలు నిలువక కూలుటకు కారణ మిదియే. నడక గుండెకు మంచిది. చటుక్కున బిగియు పోగును అది మేల్కొలుపదు. మఱియు భోజనానంతరము రక్తములోని చక్కెరను పీల్చుకొను ప్రధానస్థానము కండరమే. పది కోట్లకు మించిన మధుమేహులున్న దేశమున తొడలు సన్నగిల్లుట కేవలము కాళ్ల సమస్య యనుకొనుట పొరపాటు.

‘ఈ వయసున బలమేమిటి’ అనువారికి 1990లో బోస్టనులో జరిగిన ప్రయోగము తగిన సమాధానము. మరియా ఫియటరోన్ అను వైద్యురాలును ఆమె సహచరులును ఒక వృద్ధాశ్రమమున 86 మొదలు 96 ఏండ్ల వయసు గల పదిమందిచేత ఎనిమిది వారములు కాళ్లకు బరువులు కట్టి కసరత్తు చేయించిరి. తుదివరకు నిలిచిన తొమ్మండుగురి కాలిబలము సగటున 174 శాతము పెరిగెను. పాదము వెంట పాదము పెట్టి నడచు వేగము దాదాపు సగము హెచ్చెను. ఆ వయసున వారి కండరములు వినగా, మన ఏబదియేండ్ల కండరములు వినవా? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో వెలువరించిన సూచనలలో, పెద్దలందఱు వారమునకు కనీసము రెండు దినములు కండరములను బలపఱచు కసరత్తును, అఱువదియైదు దాటినవారు దానికి తోడు మూడు దినములు తూకము నిలుపుకొను సాధనను చేయవలయునని యున్నది. మన వైద్యులు ఔషధపు చీటీ చివర ‘వాకింగ్’ అని వ్రాయుదురు గాని, ఈ బలసాధన మాటను వ్రాయుట అరుదు.

పీళమేడున ఒక బంధువులయింట ఇటీవల చూచిన సంగతి. డెబ్బది దాటిన అవ్వ పూజకు నేలపై కూర్చుండి, ముగిసిన పిమ్మట మనుమని పిలిచి, “లేచేదానికి చెయ్యి ఇయ్యప్పా” అనెను. కళాశాలలో చదువుచున్న ఆ మనుమడు చెవినుండి ఫోను తీయక ఎడమచేయి చాచెను. ఆమె బరువునకు తానే ముందుకు తూలి, గోడ పట్టుకొనెను. అవ్వ నవ్వి, “ఇంత చేసినా నీకూ సత్తువ లేదే, జిమ్ముకు ఊరికే దుడ్డు కట్టేది” అనెను. అతని భుజములు చూచుటకు బాగుగనే యున్నవి. కుర్చీబల్లపై పరుండి పైకెత్తిన బరువు అతనికి అలవాటు. ప్రక్కకు లాగు బరువునకు ఎదురుగ కాళ్లను నాటుకొని నడుమును బిగించుట మాత్రము ఎవరును నేర్పలేదు. ఆ యింట నేను చూచిన రోగము అవ్వదొక్కటియే కాదు.

ఆమెకు చేయింపవలసిన సాధనకు పెద్ద పరికరములేవియు అక్కరలేదు. గోడకానించిన కుర్చీ యొకటి చాలును. చేతులను ఱొమ్మున కడ్డముగ పెట్టుకొని, ముప్పది సెకనులలో ఎన్నిసార్లు లేచి కూర్చుండగలరో లెక్కించుట పరీక్షయు నదే, చికిత్సయు నదే. అఱువది మొదలు అఱువదినాలుగేండ్ల నడుమ స్త్రీ పండ్రెండు, పురుషుడు పదునాలుగు సార్లకంటె తక్కువగ లేచినచో పడిపోవు ప్రమాదమున్నట్లు అమెరికా ప్రజారోగ్యశాఖవారి లెక్క. మొదట కుర్చీపై దిండు వేసి యెత్తు పెంచవచ్చును. నెలకు దిండు తీసివేయవచ్చును. మఱికొన్ని నెలలకు చేతిలో రెండు లీటర్ల నీళ్ల సీసా పట్టుకొనవచ్చును. ఊపిరి బిగపట్టరాదు; లేచునపుడు వదలి, కూర్చుండునపుడు పీల్చవలెను. రక్తపుపోటు గలవారికి ఇది మఱింత ముఖ్యము. ఇంటిలోని పడుచువారికి వంటగ్యాసు సిలిండరు ఉన్నది: లోని గ్యాసు 14.2 కిలోలు, ఇనుముతో కలిపి ఇంచుమించు ముప్పది. దానిని నడుము వంచి లాగువాడు నడుమును పోగొట్టుకొనును. దాని కిరువైపుల పాదములు పెట్టి, తుంట్లను వెనుకకు త్రోసి, వెన్నును నిటారుగ నిలిపి, కాళ్లతో నేలను త్రొక్కుచు లేపువాడు కాళ్లను సంపాదించుకొనును. బిందెను ఎప్పుడును ఒకే చంకన మోయుట మన స్త్రీల అలవాటు. వంతులవారీగ రెండుప్రక్కలకు మార్చుట, లేదా రెండు చేతులతో రెండు చిన్న బకెట్లు పట్టి వరండాలో అటునిటు నడచుట, ఖరీదైన యంత్రముల పని సగము చేయును. తిండి మాట గూడ ఒకటి: ఎద్దులకు ఉలవలు మేపి, తాము అన్నముపై పలుచని రసము పోసికొను ఇండ్లు మధుర పల్లెలలో నేడును కలవు. జల్లికట్టున ఎద్దు వాడివాసల్ గవని దాటి దూకుటలో ఆశ్చర్యమేమి?

బలమును గౌరవించు సంప్రదాయము ఈ గడ్డపై లేనిది కాదు. పొంగలినాడు దక్షిణపు పల్లెలలో ఇళవట్టక్కల్లు అను గుండ్రని రాతిని భుజముపైకెత్తి పడుచువాండ్రు తమ సత్తాను చూపుదురు. రాజకంబళ నాయకుల దేవరాట్టమున, దేవదుందుభి మ్రోతకు వరుసగ నిలిచిన పురుషులు మోకాళ్లు వంచి, ఒంటికాలిపై తిరిగి, చటుక్కున ఆగుదురు. తూకమునకు ఇంతకంటె మంచి పాఠమును నేను చూడలేదు. చైత్రోత్సవమున అళగరు కొండనుండి వైగై వఱకు స్వామి పల్లకిని భుజములపై మోయు శ్రీపాదంవారి నడక సరేసరి. కాని ఇవన్నియు పండుగనాటివి, పడుచువారివి, మగవారివి. 2024లో లాన్సెట్ వైద్యపత్రికల కుటుంబమున వెలువడిన అంచనా ప్రకారము మన దేశపు పెద్దలలో సగమునకు చాలినంత శరీరశ్రమ లేదు. స్త్రీలలో ఆ పాలు నూటికి ఏబదియేడు. 2000లో సిడ్నీ ఒలింపిక్సులో కరణం మల్లేశ్వరి మొత్తము 240 కిలోలెత్తి కాంస్యపతకము గొనివచ్చిన నాడు తెలుగువారందఱును మురిసిపోయిరి. ఆ మురిపెము పావుశతాబ్దమైనను కోడలిని ఐదుకిలోల బరువు ముట్టనిచ్చు దాక పోలేదు. గర్భసంచి జారుననియు, చేతులు మగవాని చేతులగుననియు బెదరించు అత్తలు, అదే కోడలిచేత ఇరువదియైదు కిలోల బియ్యపుమూటను మూలకు ఈడ్పింతురు.

ఇక చేయవలసినదేమి? వ్యాయామశాలలు వీధివీధిన వెలసినవిగదా యందురు. వాని సంగీతపు హోరులో, అద్దముల నడుమ, నెలకు వేలు చెల్లించి అఱువదియేండ్ల స్త్రీ అడుగిడదు. అడుగిడినను ఆమెకు నేర్పువాడు లేడు. ఉద్యానవనములలో నిలిపిన ఇనుపయంత్రములలో పెక్కింటికి బరువు పెంచు వీలు లేదు. ఏడాది గడచినను అవి తొలినాటి తేలికతోనే ఊగుచుండును. బరువు పెరుగని చోట బలము పెరుగదు. నా దృష్టి వానిమీద లేదు. కోయంబత్తూరులోను మధురలోను నాయుడు సంఘములవారివి, రెడ్డి సంఘములవారివి, దేవాంగ సంఘములవారివి కల్యాణమండపములు అనేకము కలవు. ముహూర్తములు లేని నెలలలో వాని తలుపులు మూయబడియే యుండును. ముహూర్తములున్న నెలలలో సైతము ఉదయపు గంట ఖాళీయే. చలువరాతి నేల, వరుస కుర్చీలు, మెట్లు, స్తంభములు: వృద్ధులకు బలసాధన నేర్పుటకు ఇంతకంటె వలసిన సామగ్రి లేదు. వారమునకు రెండు ఉదయములు, గంట చొప్పున, కులమడుగక, స్త్రీపురుషులను వేఱ్వేఱు వరుసలలో నిలిపియైనను సరే, ఆ తలుపులు తెఱువవలయును.

నేర్పువారెవరనుటకును వెదుకనక్కరలేదు. పెరియనాయక్కన్‌పాళయమున రామకృష్ణ మిషన్ విద్యాలయపు మారుతి వ్యాయామవిద్యా కళాశాల ఉన్నది. రెండు నగరములలోను ఫిజియోథెరపీ విద్యార్థులు ఏటేట పట్టములు పుచ్చుకొనుచున్నారు. ఉద్యోగవిరమణ చేసిన డ్రిల్లు మాస్టర్లు ప్రతి పేటలోను ఒకరిద్దఱుందురు. వీరికి గౌరవవేతనమిచ్చుట ఒక్క పెండ్లి అద్దెలో తీరును. గుండెజబ్బువారిని, మోకాలిచిప్ప మార్పించుకొన్నవారిని మొదట వైద్యుని చీటీ తెమ్మనుట, ప్రతివారి కుర్చీలెక్కను మూడునెలలకొకసారి పుస్తకమున వ్రాయుట, లెక్క పెరుగనివారిని గద్దింపక కారణ మడుగుట, ఇంతకు మించిన పాలన అక్కరలేదు.

దీనికి ఎదురుచెప్పువారు చెప్పునది ఖర్చు గాదు, సిగ్గు. తలపండిన పెద్దమనిషి పదిమందిలో కుర్చీనుండి లేవలేక తడబడుట చూచి నవ్వుదురను భయము. వెళ్లియంగిరి కొండల యేడు శిఖరములను ఏటేట వేసవిలో వెదురుకర్ర పట్టుకొని ఎక్కుటకు ఆ పెద్దమనుషులే బయలుదేరుదురు. ముందస్తు సాధన ఒక్కనాడును చేయక ఆ నిటారుదారిలో అడుగిడినవారిని డోలీలో దింపిన వార్తలును, దింపకమునుపే ప్రాణము పోయిన వార్తలును ఏటేట పత్రికలో వచ్చును. మండపములో నవ్వువారు ఒకరిద్దఱుందురు, నిజమే. వచ్చే శివరాత్రికి కొండ యెక్కదలచినవారు మాత్రము ఈ వారమే కుర్చీలెక్క మొదలు పెట్టుకొనుట మంచిది, ఏలనన తొడలు గట్టిపడుటకు మూడునెలలైనను పట్టును.